ఓరుగల్లు దాటిన కథ: చారిత్రక నవలకు అరణ్యసాక్ష్యము

తెలుగున చారిత్రక నవల పుట్టి నూఱేండ్లు దాటినది. 1896లో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి ‘హేమలత’ వెలువడిన నాటినుండి నేటివఱకు ఈ ప్రక్రియ పెక్కు రాజవంశములను, పెక్కు రాజధానులను పాఠకుని కన్నులయెదుట నిలిపినది. కాకతీయుల విషయమునకు వచ్చినచో నోరి నరసింహశాస్త్రిగారి ‘రుద్రమదేవి’, అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’ ముందుగా స్మరణకు వచ్చును. వీనివలన తెలుగు పాఠకుని మనస్సునందు ఓరుగల్లు ఒక సజీవ నగరమైనది. అయితే ఆ మనస్సునందు కాకతీయుల కథ 1323వ సంవత్సరముతో ముగిసిపోవును. కోట పతనమైనది, ప్రతాపరుద్రుడు బందీయైనాడు, తరువాత చెప్పవలసినది లేదు అను భావము బలపడినది.

చెప్పవలసినది కలదు. గోదావరిని దాటి, ఇంద్రావతీతీరమునకు పోయిన కథ యొకటి కలదు. ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమరాజు ఓరుగల్లు విడిచి దండకారణ్యమున ప్రవేశించి బస్తరు రాజ్యమును స్థాపించెనని ఆ రాజవంశము చెప్పుకొనినది. ఈ కథను నవలగా మలచుటకు పూనుకొను రచయిత ఏ సాక్ష్యమును చేపట్టవలెను, పాఠకుడు దానిని ఏ విధముగా చదువవలెను అనునదే ఇక్కడి విచారణ. ఈ ప్రశ్న కేవలము కళావిషయము కాదు. నవలలో అరణ్యము శూన్యభూమిగా కనబడునా, జనపదముగా కనబడునా అనుదానిపై జీవించియున్న జనుల గౌరవము ఆధారపడియున్నది.

ముందుగా శాసనసాక్ష్యము. దంతెవాడలోని దంతేశ్వరీ ఆలయమున దిక్పాలదేవుని కాలమున, 1703లో వ్రాయించిన శాసనము అన్నమరాజు రాకను పేర్కొనుచున్నది. మైథిల పండితుడు భగవాన్ మిశ్రుడు దీని రచయిత. రాయబహదూరు హీరాలాల్ దీనిని పండితలోకమునకు పరిచయము చేసిరి. భాషాశాస్త్రజ్ఞులకు ఈ శాసనము మఱియొక కారణముచేతను ప్రియమైనది. ఒక శిలపై సంస్కృతమున ప్రశస్తి వ్రాయించి, కలియుగమున సంస్కృతము చదువగలవారు కొలదిమందియే యుందురని చెప్పి, రెండవ శిలపై దేశభాషలో వ్రాయించిరి. ఛత్తీస్‌గఢీ భాషాచరిత్రకారులు తమ భాషకు ప్రాచీన లిఖితోదాహరణముగా దీనినే చూపుదురు.

అయితే 1323కును 1703కును నడుమ 380 సంవత్సరముల దూరము కలదు. ఆ దూరమును ఈ వంశావళి సుమారు ఎనిమిది తరములతో నింపుచున్నది. ఒక్కొక్క తరమునకు నలువదియేండ్లకు మించి లెక్క వచ్చును గనుక చరిత్రకారులు దీనిని సందేహముతో చూచిరి. పతనమైన మహావంశముతో సంబంధము చెప్పుకొనుట ఆ కాలపు రాజకులములకు అరుదు కాదని ‘సింథియా టాల్బట్’ వంటి కాకతీయచరిత్ర పరిశోధకులు గుర్తుచేసిరి. కావున అన్నమరాజు కథను పూర్తిగా త్రోసివేయుటయు తగదు, సమకాలిక సాక్ష్యముగా గైకొనుటయు తగదు. అది 1703 నాటి రాజసభ తన్ను గూర్చి తాను చెప్పుకొనిన మాట. ఆ మాటకు ఆ మేరకు విలువ కలదు.

మఱియొక శాసనము ఈ కథను ఇంకను సంక్లిష్టము చేయుచున్నది. బారసూరులోని 11వ శతాబ్దపు తెలుగు శాసనము ఛిందక నాగవంశపు రాజుల కాలమున తెలుగు చోడ సామంతుడైన చంద్రాదిత్యుడు అక్కడ దేవాలయమును నిర్మించినట్లు తెలుపుచున్నది. అనగా అన్నమరాజుకు రెండున్నర శతాబ్దములకు పూర్వమే తెలుగు భాష ఇంద్రావతి సమీపమున శిలలపై నిలిచియున్నది. అంతకుముందే అచ్చట రాజ్యము కలదు, చెఱువులు కలవు, దేవళములు కలవు. తొలి తెలుగు అడుగు అన్నమరాజుదే యనుట ఎంత తప్పో, ఆ అడుగునకు ముందు అరణ్యము తప్ప వేఱేమియు లేదనుట అంతకన్న పెద్ద తప్పు.

ఈ తప్పునకు అవకాశము ఎక్కువగానుండు స్థలములలో రాయపూరు ఒకటి. 1931లో రాయపూరు-విజయనగరము రైలుమార్గము పూర్తియైన పిదప ఉత్తరాంధ్రమునకును ఈ నగరమునకును రాకపోకలు సులభమైనవి. రైలు కొలువులకును, వర్తకమునకును వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలు హిందీలో చదువుకొనుచు, ఇంటిలో తెలుగు మాటలాడుచు పెరిగిరి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమేర్పడి రాయపూరు దాని రాజధానియైన తరువాత, ఈ రాష్ట్రచరిత్రలో తమకుగల పాలు ఏమి అను ప్రశ్న వారికి సహజముగా కలుగును. దక్షిణమున సుమారు 300 కిలోమీటర్ల దూరముననున్న జగదల్‌పూరు రాజగృహము తమ ఓరుగల్లు శాఖయే యను మాట అట్టివారికి ఊఱట నిచ్చును. ఇందు దోషము లేదు. వలసవచ్చిన ప్రతి సమాజమును క్రొత్త నేలపై తన పూర్వుల అడుగుజాడలు వెదకుకొనును. కాని ఆ వెదకులాటనుండి పుట్టిన నవల ఎట్లుండునో లోకమున ఇదివఱకే రుజువైనది.

అమెరికా ఖండపు తొలిదినములను చిత్రించిన ఆంగ్ల నవలలు ఆ రుజువును చూపును. వలసవచ్చిన వారి సంతానము, తమ స్వాతంత్ర్యమునకు అర్ధశతాబ్ది నిండుచున్న కాలమున, తమ దేశమునకు ఒక పూర్వగాథ కావలెనని కోరినది. 1824లో లిడియా మరియా చైల్డ్ ‘హోబోమోక్’ను, 1826లో ఫెనిమోర్ కూపర్ ‘ది లాస్ట్ ఆఫ్ ది మోహికన్స్’ను ప్రకటించిరి. ఇవి ద్వేషముతో వ్రాసిన గ్రంథములు కావు. చైల్డ్ తన కథానాయకుని ఉదారునిగనే చిత్రించినది. అయితే ఆ ఔదార్యము ఏ పనికి వచ్చినది? తన భార్య పూర్వము ప్రేమించిన శ్వేతజాతీయుడు తిరిగి రాగానే హోబోమోక్ తనంతట తానే భార్యను, బిడ్డను విడిచి అడవులలోనికి పోవును. బిడ్డ ఆంగ్ల విద్య నేర్చి తండ్రిపేరును క్రమముగా మఱచును. ఆదిమజాతి తన చోటును తానే ఖాళీచేసి పోయినట్లు కథ కుదిరినది. పాఠకుడు కన్నీరు విడిచి, ఆ భూమి తనదేయని నిశ్చింతగా పుస్తకమును మూయగలడు.

కూపరు నవల 1757 నాటి యుద్ధమును ఆశ్రయించినది. అందు ఆయన మోహెగన్, మోహికన్ అను రెండు వేఱు జనసమూహములను కలగలిపెను. చారిత్రకవ్యక్తియైన ఉంకాస్ పేరును తీసికొని ఒక యువకునికి పెట్టి, అతని మరణముతో ఆ జాతియే ముగిసినట్లు భావము కల్పించెను. గ్రంథనామములోని ‘చివరి’ అను పదమే తీర్పువంటిది. ఆ నవల వెలువడిన నాలుగేండ్లకు, 1830లో, ఆదిమజాతులను మిసిసిపీ నదికి పశ్చిమముగా తరలించుటకు శాసనము చేయబడినది. ఆ శాసనమునకు నవల కారణమనుట అతిశయోక్తి. కాని ఒక జాతి పోవుట ప్రకృతిసహజమను మనఃస్థితిని అట్టి నవలలు పోషించినవనుట అతిశయోక్తి కాదు. వాస్తవమేమనగా ఆ జనులు పోలేదు. మోహికనుల వంశీయులు విస్కాన్సిన్ రాష్ట్రమున నేటికిని ఉన్నారు. మోహెగన్ జాతిని 1994లో అమెరికా ప్రభుత్వము అధికారికముగా గుర్తించినది. నవల చంపినవారు న్యాయస్థానములకును, కార్యాలయములకును వచ్చి తాము బ్రతికియున్నామని నిరూపించుకొనవలసివచ్చినది.

కళాదృష్టితో వీరికన్న గొప్పవాడైన హాథార్న్ సైతము ఈ లోపమునుండి పూర్తిగా తప్పించుకొనలేదు. 1850 నాటి ‘ది స్కార్లెట్ లెటర్’ 17వ శతాబ్దపు బోస్టనులోని పాపభీతిని అసమానముగా చిత్రించినది. అందు అరణ్యము నీతినియమములకు వెలుపలి చోటు. అరణ్యవాసులు ఉత్సవదినమున జనసమూహపు అంచున నిలిచి చూచువారు మాత్రమే. వారి మనస్సునందేమున్నదో కథ అడుగదు.

దండకారణ్యమును గూర్చి తెలుగున వ్రాయు నవలయు ఈ దారినే పట్టవచ్చును. దక్షిణమునుండి ఖడ్గమును, దేవతను వెంటబెట్టుకొని వచ్చిన వీరుడు, తెరలేచుటకు ఎదురుచూచుచున్న అడవి, చేతులు జోడించిన వనచరులు: ఈ చిత్రము సిద్ధముగానున్నది. దీనిని వారించునది శాసనము కాదు. ఏలయన శాసనము రాజు మాట. దీనిని వారించునది బస్తరు ప్రజల ఆచారము.

దంతేశ్వరి అన్నమరాజు వెనుక నడచుచు, వెనుదిరిగి చూడకున్నంతవఱకు నీవు నడచిన నేల నీదేయని చెప్పెననియు, నదీతీరపు ఇసుకలో అందెల చప్పుడు వినబడక రాజు వెనుదిరిగెననియు, దేవి అచ్చటనే నిలిచిపోయెననియు ఐతిహ్యము. రాజ్యమునకు ఎల్ల ఏర్పడుట రాజు జయమువలన కాదు, అతని సందేహమువలన. 75 దినములు జరుగు బస్తరు దసరాలో రావణవధ ప్రసక్తి లేదు. ఉత్సవారంభమునకు కాఛిన్ దేవి అనుమతి కావలెను. మిర్గాన్ కులపు బాలిక ముండ్ల ఊయలపై శయనించి, దేవి పూనినదై, రాజునకు ఆ అనుమతిని ప్రసాదించును. ఉత్సవాంతమున మాడియా, మురియా జనులు రథమును అపహరించి కుమ్‌డాకోట్ వనమునకు కొనిపోవుదురు. రాజు అచ్చటికి పోయి, వారితో క్రొత్త బియ్యపు అన్నమును భుజించి, రథమును తిరిగి తెచ్చుకొనును. సింహాసనము అడవిని అనుమతి వేడవలెనను భావము ఇంతకన్న స్పష్టముగా ఏ శిలపై వ్రాయగలరు?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. ఆచారములు కాలముతో మాఱును. నేటి దసరా తంతును 14వ శతాబ్దమునకు యథాతథముగా అంటగట్టుట పరిశోధన కాదు. శాసనము తేదీని చెప్పును, ఆచారము సంబంధమును చెప్పును. ఏ సంవత్సరమున ఏమి జరిగినదో ఆచారమును అడుగరాదు. రాజునకును ప్రజకును ఎట్టి ఒడంబడిక కలదని ప్రజ తలచినదో దానిని అడుగవచ్చును. ఆ తలపు నిరర్థకము కాదని తరువాతి చరిత్ర చూపినది. 1910లో బ్రిటిషువారి అటవీ నిర్బంధముల కాలమున గుండాధూర్ నాయకత్వమున చెలరేగిన భూమ్‌కాల్, 1966 మార్చి 25న జగదల్‌పూరు రాజప్రాసాదమున జరిగిన పోలీసు కాల్పులలో ప్రవీరచంద్ర భంజదేవునితోపాటు పలువురు ఆదివాసులు మరణించుట, ఈ రెండును ఆ ఒడంబడిక స్మృతిని విడిచి అర్థము చేసికొనజాలము.

నవలాకారుడు చరిత్రకారుడు కాడుగదా, అతనికి ఈ సంకెల లేల యని ఆక్షేపించువారుండవచ్చును. ఆలంకారికుల అనుమతి సైతము అతనికి కలదు. ప్రసిద్ధమైన ఇతివృత్తమున రసమునకు అనుకూలింపని అంశమున్నచో దానిని విడిచి కవి వేఱుగా కల్పించుకొనవచ్చునని ఆనందవర్ధనుడు అంగీకరించెను. కాని రసభంగమునకు అనౌచిత్యమే ప్రధానకారణమని చెప్పినవాడును ఆయనయే. సంఘటనను మార్చుట కవి స్వాతంత్ర్యము. బ్రతికియున్న జనులను కథాసౌకర్యమునకై లేనివారినిగా చేయుట అనౌచిత్యము. అట్టి గ్రంథమును ఆ జనులలో ఒకడు చదివినపుడు రసము నిలువదు. ఒక్క వర్గపు పాఠకునికి మాత్రమే నిలుచు రసము సాహిత్యమున చాలదు.

మార్గము లేకపోలేదు. బిర్సా ముండాను గూర్చి మహాశ్వేతాదేవి వంగభాషలో వ్రాసిన ‘అరణ్యేర్ అధికార్’, సాహు, అల్లం రాజయ్య తెలుగున వ్రాసిన ‘కొమురం భీం’ అరణ్యమును కథకు కేంద్రము చేసినవి. అమెరికాలోను 1986లో జేమ్స్ వెల్చ్ తన ‘ఫూల్స్ క్రో’ నవలలో, తొలి వలసల నాటిది కాకపోయినను 1870 ప్రాంతపు బ్లాక్‌ఫీట్ జీవితమును, ఆ జనులు ఋతువులకును, జంతువులకును పెట్టుకొనిన పేర్లతోనే నడపెను. ఇది భాషావిషయము. తెలుగు చారిత్రక నవలలో రాజులకు గ్రాంథికమును, అడవివారికి విఱిగిన తెలుగును ఇచ్చు అలవాటు కలదు. హల్బీ, గోండీ తమతమ వ్యాకరణములుగల సంపూర్ణభాషలు. కోంటా ప్రాంతపు దోర్లీ తెలుగుతో దీర్ఘకాలము కలసి మెలసిన భాష. అరణ్యపాత్రలకు నిండైన వాక్యములు ఇచ్చుటయు, వారి దృష్టిలో ఓరుగల్లు సైనికుని భాషయే విఱిగినదిగా వినబడుటయు సాధ్యమే.

పాఠకునకును విధి కలదు. చారిత్రక నవలను చదువునపుడు ఇది నిజముగా జరిగినదా యని మాత్రమే అడుగుట అర్ధప్రశ్న. ఇందు ఎవరు మాటలాడుచున్నారు, ఎవరు మాటలాడుట లేదు, కథాంతమున ఎవరు ఎచ్చటికి పోయిరి అని అడుగుట తక్కిన సగము. తెలుగు శాఖలు ఈ రెండవ ప్రశ్నకు ఉపకరణములు సమకూర్పగలవు. బస్తరులోని తెలుగు శాసనములను తెలుగు పాఠకునకు సులభముగా అందించుట, దంతెవాడ శాసనపు దేశభాషా పాఠమును హిందీ పండితులతో కలసి బోధించుట, 1938 నాటి గ్రిగ్సన్ గ్రంథమును, 1947 నాటి వెరియర్ ఎల్విన్ గ్రంథమును, 1997 నాటి నందినీ సుందర్ గ్రంథమును నవలాపఠనముతోపాటు చదివించుట రాయపూరువంటి చోట సులభసాధ్యములు. 1875లో స్థాపితమైన మహంత్ ఘాసీదాస్ సంగ్రహాలయము ఆ నగరముననే కలదు. తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ, హల్బీ ఎఱిగిన విద్యార్థులును అచ్చట దొరకుదురు.

అన్నమరాజు కథ తెలుగు నవలలోనికి రావలసినదే. వచ్చునపుడు ఓరుగల్లు శోకమునకు ఉపసంహారముగా కాక, రెండు జనముల సమాగమముగా రావలెను. కుమ్‌డాకోట్ వనమున రాజు కూర్చుండి భుజించిన అన్నము ఎవరి పొలమున పండినదో ఆ నవల చెప్పగలిగినచో, అది దక్షిణమువారికిని, అరణ్యమువారికిని సమానముగా చదువదగిన గ్రంథమగును.