కొత్త కటారికి పాత తుప్పు

కుతుబ్‌షాహీల కాలపు కటారి యనియు, ఆసఫ్‌జాహీ సైనికుని నడుమున వ్రేలాడిన బాకు అనియు చెప్పి నేడు విపణిలో విక్రయింపబడు ఆయుధములలో పెక్కు నిన్నమొన్న కొలిమినుండి వెలువడినవే. పూర్వరూపము ననుసరించి నూతనాయుధమును నిర్మించుట తప్పు కాదు. ఉదయపురమునందలి పనివారు నేటికిని కటారులు చేయుచు, ఉక్కుపై బంగరుతీగ పొదుగు విద్యను కాపాడుకొనుచున్నారు. వారి నైపుణ్యము శ్లాఘనీయము. ఆ కొత్త వస్తువునకు ఆమ్లము పూసి, తడిమంటిలో పాతి, తుప్పు పట్టించి, మూడువందల యేండ్ల వయస్సు నంటగట్టువాడు మాత్రము దోషి.

ఈ వంచన తెలుగువారిని విశేషముగా నొప్పింపవలసినది. ఏలయన, నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కు పారశీక వర్తకుల చేతులమీదుగా పశ్చిమాసియాకు పోయినది. 19వ శతాబ్ది తొలిదినములలో ఆ గ్రామమునకు వచ్చిన హెన్రీ వాయిసీ యను భూవిజ్ఞాని, ఇస్పహానునుండి ఉక్కు కొనుటకై వచ్చియుండిన వర్తకుని అచ్చట కలిసికొని ఆ వృత్తాంతమును వ్రాసియుంచెను. ఇనుమును కర్బనముతో గూడ మట్టిమూసలో కరగించి మెల్లగా చల్లార్చి, మితమైన వేడిలో సాగగొట్టినప్పుడు అలుగుపై తేలు సన్నని నీటిచాళ్లను ఎరిగినవారు జౌహరు అందురు. వేడి మితిమీరినచో ఆ చాళ్లు నశించును. ఆ మెలకువ యెరిగిన కమ్మరుల పరంపర అంతరించి నూరేండ్లు దాటినది.

జౌహరును అనుకరించువారు త్రొక్కు త్రోవలు రెండు. రెండు జాతుల ఉక్కును పొరలుగా అతికి మడిచి కొట్టుట మొదటిది. అందు చారలు మిక్కిలి స్ఫుటముగా, ఒకే క్రమమున మరలమరల వచ్చును, ఒంటివాదర బాకయినచో దాని వీపుమీద పొరల అంచులు పుస్తకపు పుటలవలె పొడగట్టును. సామాన్యపు ఉక్కుపై ఆమ్లముతో గీతలు తినిపించుట రెండవది; ఆ గీతలు పైపైని మాత్రమే యుండుటచే సాన తగిలినంతనే చెరగును. నిజమైన మూస ఉక్కున జౌహరు లోహమంతట వ్యాపించియుండును గావున, మెరుగుపెట్టి పలుచని ఆమ్లము సోకించినచో మరల బయల్పడును.

బంగరుపనిని భూతద్దముతో చూడవలెను. పూర్వపు పనివాడు ఉక్కుమీద అడ్డదిడ్డముగా సూక్ష్మమైన గీట్లు గీసి, వానిలోనికి తీగను నొక్కి కొట్టెడివాడు. కావున బంగరు అరిగినచోట ఆ గీట్లు బయటపడును. విద్యుత్తుతో పూత పూసినదానియందు అట్టివి కానరావు. పిడిలో అరచేయి ఆనిన కమ్ములు నునుపెక్కి, చెక్కడపు పల్లములలో నల్లని మడ్డి గట్టిపడియుండుట సహజము; చేయి సోకని తావున గూడ అంతే అరుగుదల కనబడినచో అది ఆకురాయి చేసిన పనియే.

అయినను తొందరపాటు కూడదు. తంజావూరు ఆయుధశాలకు చెందిన కటారులలో ఐరోపాఖడ్గముల అలుగులను దేశీయమైన పిడికి బిగించినవి కలవు. పరదేశపు ముద్ర యున్నంతమాత్రమున వానిని నకలని త్రోసివేయుట అన్యాయము. పాతబాకు చేతికి రాగానే ఇసుకకాగితముతో తోమి తళతళలాడించువారును సాక్ష్యమును చంపినవారే యగుదురు.

1972 నాటి పురావస్తు చట్టము నూరేండ్లు నిండిన ఇట్టి వస్తువులను వర్తకులు దేశము దాటింపకుండ నిషేధించుటయేగాక, మోసపు క్రయవిక్రయముల నివారణనుగూడ తన ఉద్దేశముగా చెప్పుకొన్నది. ఆ ఉద్దేశము నెరవేరవలెనన్నచో, నకలు చేయు ప్రతివాడును తన గురుతును, నిర్మించిన సంవత్సరమును అలుగు మొదట లోతుగా ముద్రింపవలెనని నిబంధన కావలెను. సాలార్‌జంగ్ మ్యూజియమువంటి సంస్థలు అసలు కటారి ప్రక్కనే నకలును, రెంటికిని ఒక భూతద్దమును అమర్చి, కొనబోవువారికి ముందుగా చూచి నేర్చుకొను అవకాశమును కల్పింపవలెను.