మోచేతి నొప్పి: నింద ఆటకేనా?

'టెన్నిస్ ఎల్బో' అనగానే రాకెట్ పట్టిన క్రీడాకారుడే గుర్తుకొస్తాడు. చిక్కంతా ఆ పేరుతోనే. 1873లో జర్మన్ వైద్యుడు రుంగె ఈ బాధను వర్ణించినప్పుడు ప్రస్తావించింది రాతపనితో అలసిన చేతులను. టెన్నిస్ పేరు దానికి 1880లలో అంటుకుంది. నిజానికి ఈ నొప్పితో బాధపడేవారిలో ఎక్కువమంది టెన్నిస్ ఆడనివారే.

ఈ సంగతి ముందుగా గుర్తించాల్సిన ఊళ్లలో ఖరగ్‌పూర్ ఒకటి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పనికోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. మహేంద్రసింగ్ ధోనీ టికెట్ ఎగ్జామినర్‌గా పనిచేస్తూ టెన్నిస్ బంతి క్రికెట్ ఆడిన ఊరు కూడా అదే. అలాంటి ఊళ్లో పగలంతా స్పానర్ బిగించిన చెయ్యే సాయంత్రం రాకెట్టో బ్యాటో పట్టుకుంటుంది.

మణికట్టును వెనక్కి ఎత్తే కండరాలు మోచేతి బయటివైపు ఉన్న ఎముక బొడిపెకు టెండాన్ ద్వారా అతుక్కుని ఉంటాయి. పిడికిలి గట్టిగా బిగించిన ప్రతిసారీ అవి పనిచేస్తాయి. స్పానరా, రాకెట్టా అన్నది టెండాన్‌కు అనవసరం. అది కోలుకునే వేగం కన్నా భారం వేగంగా పెరిగితే దెబ్బతింటుంది. టెన్నిస్ బంతి బరువు 60 గ్రాములకు లోపే. అయినా మణికట్టు వంచి బ్యాక్‌హ్యాండ్ కొట్టే కొత్త ఆటగాడికి ఆ కుదుపు నేరుగా మోచేతికే తగులుతుంది. సచిన్ టెండూల్కర్ 2005లో మోచేతి శస్త్రచికిత్స చేయించుకున్నది బ్యాటు పట్టిన చేతికే కదా!

కాబట్టి నివారణ సలహాలు కోర్టుకే పరిమితమైతే చాలవు. పని గంటలను, ఆట గంటలను కలిపి లెక్కించాలి. ఓవర్‌టైమ్ చేసిన వారంలో ఆట తగ్గించుకోవాలి. చాలారోజుల తర్వాత ఆడేవారు కొద్దికొద్దిగా సమయం పెంచుకోవాలి. బ్యాక్‌హ్యాండ్‌కు రెండు చేతులు వాడితే మోచేతికి ఊరట. సర్వీసులో బలం కాళ్లు, నడుము నుంచి రావాలి. భుజం ఒక్కటే మోస్తే అదీ దెబ్బతింటుంది. ఆటకు ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకోవాలి. పక్కలకు పరుగెత్తే ఆట కనుక మడమ బెణకకుండా కోర్టుకు తగిన బూట్లు వేసుకోవాలి.

నొప్పి వస్తే ఆట పూర్తిగా మానేయమనేవారున్నారు. తాత్కాలికంగా తగ్గించడం సబబే కానీ, ఎక్కువకాలం కదలిక లేకపోతే టెండాన్ మరింత బలహీనపడుతుంది. తేలికపాటి బరువును చేత్తో పట్టి, మణికట్టును నెమ్మదిగా కిందికి దించే వ్యాయామం దాన్ని క్రమంగా బలపరుస్తుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది. అయితే ఏడాది తర్వాత చూస్తే, అది తీసుకోనివారే మెరుగ్గా ఉన్నారని పరీక్షల్లో తేలింది. త్వరగా డ్యూటీకి వెళ్లాలన్న తొందరలో సూదిని ఎంచుకునే కార్మికుడికి ఈ విషయం ముందే చెప్పాలి.

షిఫ్టుల్లో పనిచేసేవారికి వ్యాయామానికి తీరిక ఎక్కడిదన్న ప్రశ్న న్యాయమైనదే. అందుకే ఆ బాధ్యతను కార్మికుడి మీదే వదిలేయకూడదు. చేతికి సరిపడే పిడి ఉన్న పనిముట్లు, పనిని మార్చి మార్చి అప్పగించడం, షిఫ్టు మధ్యలో కాస్త విరామం యాజమాన్యం చేతిలో ఉన్నవే. క్రీడాకారుడి మోచేతికి దొరికే శ్రద్ధ ఫిట్టర్ మోచేతికీ దొరకాలి. నొప్పితో వచ్చినవారిని వైద్యుడు 'టెన్నిస్ ఆడతారా?' అని అడిగే ముందు 'ఏం పని చేస్తారు?' అని అడగాలి.