ఉక్కు కవచానికి చూపు ఎన్నడు?

రక్షణమంత్రి అధ్యక్షతన 2025 ఆగస్టు 5న సమావేశమైన రక్షణ సేకరణ మండలి సుమారు 67 వేల కోట్ల రూపాయల విలువైన ప్రతిపాదనలకు ఆమోదముద్ర వేసింది. త్రివిధ దళాలకు సుదూర డ్రోన్లు, నౌకాదళానికి బ్రహ్మోస్ ప్రయోగ వ్యవస్థలు, వాయుసేనకు పర్వత ప్రాంతాల రాడార్లు వంటి భారీ పద్దుల నడుమ చిన్న అంశమొకటి చోటు చేసుకుంది. పదాతిదళాన్ని రణరంగానికి చేర్చే బి.ఎం.పి. శకటాల డ్రైవర్లకు రాత్రివేళ దారి కనిపించేందుకు థర్మల్ ఇమేజర్‌తో కూడిన వీక్షణ సాధనాలు సమకూర్చాలన్నది ఆ అంశం. అది పతాక శీర్షికలకు ఎక్కలేదు. అయితే ఈ ఒక్క పద్దు భారత సాయుధ శకటాల స్థితిగతులను గురించి చెప్పినంతగా మిగిలిన పద్దులేవీ చెప్పలేదన్నది నిజం.

మెదక్ ఆయుధ కర్మాగారంగా పేరొందిన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం సంస్థలో బి.ఎం.పి-2 శకటాలు 1980వ దశకం చివరి నుంచి ‘శరత్’ పేరిట తయారవుతున్నాయి. 2020 జూన్‌లో కూడా 1,094 కోట్ల రూపాయల అంచనా వ్యయంతో మరో 156 శకటాలు సరఫరా చేయవలసిందిగా రక్షణశాఖ ఆ కర్మాగారాన్ని కోరింది. చంద్రకాంతినో, నక్షత్రాల మసక వెలుతురునో పెంచి చూపే సాధనాలతో, అదీ చాలనప్పుడు పరారుణ దీపం సాయంతో శకటాన్ని నడపడం వెనకటి పద్ధతి. పరారుణ దీపం వెలిగించిన శకటం ఎదుటివాడి పరికరంలో దివిటీలా కనిపిస్తుంది. మబ్బు పట్టిన అమావాస్య రాత్రి, దుమ్ము రేగినపుడు, పొగ కమ్మినపుడు కాంతిని పెంచే సాధనం దాదాపు నిరుపయోగం. ఈ సంగతులు సైన్యానికి కొత్తగా తెలిసినవి కావు. దాదాపు నాలుగు దశాబ్దాలుగా వాడుకలో ఉన్న వాహనపు డ్రైవర్‌కు వేడిని పసిగట్టే కన్ను అవసరమని 2025లో అంగీకరించవలసి రావడమే ఆశ్చర్యం. అదీ ‘ఆవశ్యకతకు అంగీకారం’ మాత్రమే. టెండర్లు, పరీక్షలు, బేరసారాలు, ఒప్పందం ఆ తర్వాతి మజిలీలు.

ట్యాంకు అనగానే జనం కళ్లకు కట్టేది దాని ఫిరంగి, దాని ఉక్కు. లోపల కూర్చున్నవారికి మాత్రం అది కిటికీలు లేని ఇరుకు గది. మూతలు బిగించుకున్న తరువాత డ్రైవర్‌కైనా, కమాండర్‌కైనా బయటి ప్రపంచం పెరిస్కోప్ అద్దాల్లో కనిపించే సన్నని పట్టీయే. శకటం చుట్టూ కొన్ని గజాల నేల ఎవరి కంటికీ ఆనదు. రాకెట్ లాంచర్ పట్టుకున్న శత్రుసైనికుడు వెదికేది ఆ నేలనే. అందుచేతనే కమాండర్లు ప్రాణాలకు తెగించి మూత తెరచి తల పైకెత్తి నిలబడుతూ వచ్చారు. 1973 అక్టోబర్ యుద్ధంలో ఇజ్రాయెల్ ట్యాంకు కమాండర్లు అధికసంఖ్యలో నేలకొరగడానికి ఈ అలవాటు ముఖ్య కారణమని యుద్ధ చరిత్రకారులు రాశారు. మూత వేసుకుంటే చూపు పోతుంది, తీస్తే ప్రాణం పోతుంది. సైనిక పరిభాషలో ‘సిట్యుయేషనల్ అవేర్‌నెస్’ అని పిలిచే పరిసర పరిజ్ఞాన వ్యవస్థలన్నీ ఈ చిక్కుముడిని విప్పేందుకు పుట్టినవే.

ఇందుకు దృష్టాంతం కోసం ఇజ్రాయెల్ దాకా వెళ్లనక్కరలేదు. 1965 సెప్టెంబర్‌లో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ వద్ద పాకిస్తాన్ పాటన్ ట్యాంకులు ఎదురైన భారత ట్యాంకుల కన్నా ఎన్నో విధాల మేటివి. కానీ నీరు వదిలిన పొలాల బురదలో, ఎత్తుగా ఎదిగిన చెరకు తోటల నడుమ వాటికి దారీ తోచలేదు, శత్రువూ కనిపించలేదు. చెరకు చాటున పొంచిన భారత ట్యాంకులు, జీపులపై అమర్చిన రీకాయిలెస్ తుపాకులు వాటిని దగ్గరకు రానిచ్చి దెబ్బతీశాయి. భారత సైన్యం లెక్క ప్రకారం పాకిస్తాన్ కోల్పోయిన ట్యాంకులు 97. పట్టుబడిన వాటిని భిఖివిండ్ వద్ద వరుసలుగా నిలబెట్టగా ఆ చోటు ‘పాటన్ నగర్’గా పేరుపడింది. ఆ విజయాన్ని తలచుకుని గర్వించడం సహజమే. ఆ పాటన్‌ల దుస్థితి ఏ సైన్యానికైనా పట్టవచ్చునన్న సంగతి మాత్రం అంతగా చర్చకు రాలేదు.

వస్తువుల నుంచి వెలువడే వేడిలోని తేడాలను పసిగట్టి బొమ్మ కట్టే థర్మల్ పరికరం ఈ పరిస్థితిని చాలావరకు మార్చింది. 1991 ఫిబ్రవరి 26న ఇరాక్ ఎడారిలో, ఇసుక గాలి కమ్ముకున్న వేళ, అమెరికా ట్యాంకులు తమను చూడనైనా చూడలేని ఇరాకీ టి-72 ట్యాంకులను వరుసగా ధ్వంసం చేశాయి. ‘73 ఈస్టింగ్’ పోరాటంగా చరిత్రకెక్కిన ఆ ఘట్టం ప్రపంచ సైన్యాలన్నిటికీ కనువిప్పు కలిగించింది. టి-72నే ప్రధాన బలంగా నమ్ముకున్న భారత సైన్యానికైతే మరీ.

అదే యుద్ధంలో మరో పాఠమూ ఉంది. పోరులో మరణించిన 148 మంది అమెరికన్ సైనికులలో 35 మంది సొంత పక్షపు కాల్పులకే బలయ్యారు. పైన చెప్పిన 26వ తేదీనే బ్రిటిష్ పదాతిదళ శకటాలను శత్రు శకటాలుగా పొరబడి అమెరికా విమానం దాడి చేయగా 9 మంది బ్రిటిష్ సైనికులు మరణించారు. దూరాన వేడిగా మెరిసే మచ్చ ట్యాంకని తెలుస్తుందే తప్ప అది ఎవరి ట్యాంకో పరికరం చెప్పదు. మిత్రశకటాల జాడను ఉపగ్రహాల సాయంతో ప్రతి వాహనంలోని తెరపై చూపే వ్యవస్థలను అమెరికా ఆ తరువాత రూపొందించుకుని 2003 నాటి ఇరాక్ యుద్ధంలో విరివిగా వినియోగించింది.

భారతదేశంలో ఆ ప్రయత్నం ఏ గతి పట్టిందో గుర్తు చేసుకోక తప్పదు. రణరంగ నిర్వహణ వ్యవస్థ పేరిట ఏళ్ల తరబడి సాగిన కసరత్తు 2015 ఫిబ్రవరిలో ఒక కొలిక్కి వచ్చినట్లే కనిపించింది. భారత్ ఎలక్ట్రానిక్స్-రోల్టా, టాటా పవర్-ఎల్ అండ్ టి కూటములను నమూనాల రూపకల్పనకు ఎంపిక చేశారు. వ్యయం మోయలేనిదని తోచడంతో కొద్ది సంవత్సరాలకే ఆ పథకాన్ని అర్ధంతరంగా ముగించారు. ఖర్చు ఎక్కువైనపుడు పథకాన్ని కుదించడం ఒక మార్గం, కొండెక్కించడం మరో మార్గం. ప్రభుత్వం రెండోదాన్నే ఎంచుకుంది.

టి-90 కథ మరింత విచిత్రమైనది. 2001లో రష్యాతో 310 ట్యాంకులకు ఒప్పందం కుదిరినపుడు వాటి ప్రధాన ఆకర్షణ రాత్రి పోరాట సామర్థ్యమే. ఫ్రెంచి కెమెరాతో కూడిన గన్నర్ వీక్షణ సాధనం అందులో కీలకం. థార్ ఎడారి వేసవిలో, ఎయిర్ కండిషనింగ్ లేని ట్యాంకు లోపలి వేడికి ఆ సున్నిత పరికరాలు తట్టుకోలేకపోతున్నాయన్న వార్తలు ఆ దశాబ్దంలో పదే పదే వెలువడ్డాయి. చల్లని దేశాల్లో రూపొందిన సాధనాన్ని జైసల్మేర్ ఎండలో నిలబెట్టేముందు తగిన పరీక్షలు జరిపించవలసిన బాధ్యత కొనుగోలుదారుదే. మరో లోపం ఇంకా చాలాకాలం కొనసాగింది. గన్నర్‌కు థర్మల్ కన్ను ఉండగా, లక్ష్యాన్ని వెదికి అతనికి అప్పగించవలసిన కమాండర్‌కు పాతకాలపు ఇమేజ్ కన్వర్టర్ గొట్టమే దిక్కయింది. వేటగాడికన్నా బాణం వేసేవాడికే దూరం కనిపించే ఏర్పాటు ఇది.

ఆ లోపాన్ని సరిదిద్దే ఒప్పందం 2022 ఫిబ్రవరిలో కుదిరింది. డి.ఆర్.డి.ఓ., భారత్ ఎలక్ట్రానిక్స్ కలసి రూపొందించిన సాధనాన్ని 957 టి-90 ట్యాంకులకు అమర్చేందుకు 1,075 కోట్ల రూపాయలు కేటాయించారు. రేయింబవళ్లు 8 కిలోమీటర్ల దూరాన లక్ష్యాన్ని కనిపెట్టడం, 5 కిలోమీటర్ల వరకు దూరాన్ని లేజర్‌తో కొలవడం దాని సామర్థ్యంగా ప్రకటించారు. ట్యాంకు ఒక్కింటికి పడుతున్నది కోటీ పన్నెండు లక్షల రూపాయలు. ట్యాంకు ఖరీదుతో పోలిస్తే ఇది స్వల్పం. దేశీయ పరిజ్ఞానంతో సాధ్యమైన మార్పు కూడా. ఇరవై ఏళ్లు ఆలస్యమైనా ఇది అభినందించదగిన పని.

ప్రపంచం ఈలోగా మరో మెట్టు ఎక్కింది. శకటం చుట్టూ కెమెరాలు అమర్చి, ఆ దృశ్యాలన్నిటినీ కంప్యూటర్‌తో అతికి, శిరస్త్రాణంలోని తెరపై చూపి, ఉక్కు గోడే లేనట్టు లోపలివారికి భ్రమ కల్పించే వ్యవస్థలను ఇజ్రాయెల్ సంస్థ ఎల్బిట్ వంటివి రూపొందించాయి. భారత రక్షణశాఖ కూడా ఈ ఆలోచనకు దూరంగా లేదు. 2018 ఆగస్టులో అంకుర సంస్థలకు విసిరిన తొలి సవాళ్ల జాబితాలోనే ‘కవచం గుండా చూడటం’ ఒకటి. అయితే ప్రదర్శనశాలలో ముచ్చటగొలిపే పరికరం యుద్ధశకటంలో ఇమడటం అంత తేలిక కాదు. తల తిప్పిన క్షణానికీ దృశ్యం మారే క్షణానికీ నడుమ రవ్వంత జాప్యం జరిగినా చూసేవారికి తల తిరిగి వాంతి వస్తుంది. కెమెరా అద్దంపై బురద పడితే తుడిచేందుకు బయటికి దిగేదెవరు? ఇంజిన్ ఆపి మాటు వేసిన ట్యాంకులో ఇన్ని తెరలకు పాత బ్యాటరీలు ఎంతసేపు విద్యుత్తు ఇవ్వగలవు? లడఖ్ శీతాకాలపు గడ్డకట్టే చలిలో ఆ బ్యాటరీల సత్తువ మరీ పడిపోతుంది. అన్నింటికన్నా మించి, నడపడానికీ, గురిచూడటానికీ, ఆజ్ఞలివ్వడానికీ ఉన్నది ముగ్గురే. వారిపై పది తెరల సమాచారం కుమ్మరిస్తే చూపు పెరుగుతుందో, తికమక పెరుగుతుందో పరీక్షించి తేల్చవలసిన విషయం. ఏది చూపాలో, ఏది దాచాలో నిర్ణయించే సాఫ్ట్‌వేర్ ఇక్కడ కెమెరా కన్నా కష్టమైన సమస్య.

ఇక ఆకాశం సంగతి. పెరిస్కోప్ నేలను చూడటానికి పుట్టింది. 2022 నుంచి ఉక్రెయిన్‌లో చౌకబారు డ్రోన్లు ట్యాంకు నెత్తిమీదికి దిగి ప్రాణం తీస్తున్నాయి. అమెరికా సరఫరా చేసిన 31 అబ్రామ్స్ ట్యాంకులను డ్రోన్ల బెడద కారణంగా ఉక్రెయిన్ ముందు వరుస నుంచి వెనక్కి తీసినట్లు 2024 ఏప్రిల్‌లో వార్తలు వెలువడ్డాయి. 2023 అక్టోబర్ 7న గాజా సరిహద్దులో ఇజ్రాయెల్ మెర్కావా ట్యాంకుపై హమాస్ డ్రోన్ నుంచి బాంబు జారవిడిచిన దృశ్యాలను లోకమంతా చూసింది. దూసుకువచ్చే క్షిపణిని రాడార్‌తో కనిపెట్టి కూల్చే రక్షణ వ్యవస్థకు మారుపేరైన దేశానికే ఆ అనుభవం ఎదురైంది. శకటాలపై ఇనుప పంజరాలు కట్టుకోవడం అన్ని సైన్యాలకూ పరిపాటి అయింది. పంజరం దెబ్బను కాస్త ఆపుతుందేమో గాని, దెబ్బ వస్తున్నదని చెప్పదు. రేడియో సంకేతాలను పసిగట్టే సాధనాలు, చిన్న రాడార్లు, పైకి చూసే కెమెరాలు ఒకదానితో ఒకటి అనుసంధానమైతేనే ఆ హెచ్చరిక అందుతుంది. 2025 మే 8-9 రాత్రి పాకిస్తాన్ 36 చోట్ల 300 నుంచి 400 వరకు డ్రోన్లను ప్రయోగించిందని భారత సైన్యమే వెల్లడించింది. అవి ఆ రాత్రి ట్యాంకుల కోసం రాలేదు. మరోసారి వాటికోసమే రావని ఎవరూ హామీ ఇవ్వలేరు.

సరిహద్దులో చూపు విలువ పోరు లేని వేళల్లో కూడా తక్కువ కాదు. 2024 జూన్ 28 రాత్రి తూర్పు లడఖ్‌లోని సాసర్ బ్రాంగ్సా సమీపాన శిక్షణ ముగించుకుని తిరిగివస్తున్న ట్యాంకు, ష్యోక్ నదిలో నీటిమట్టం హఠాత్తుగా పెరగడంతో చిక్కుకుపోయి ఐదుగురు సైనికులు మరణించారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. కృష్ణా, బాపట్ల, ప్రకాశం జిల్లాల పల్లెలకు జాతీయ పతాకం కప్పిన పేటికలు చేరాయి. వీక్షణ సాధనాల లేమే ఆ దుర్ఘటనకు కారణమని అనడం న్యాయం కాదు. చీకట్లో కొండనది పొంగును ఏ ట్యాంకు అద్దమూ ముందుగా చెప్పలేదు. ఎగువన నీటి జాడ కనిపెట్టి దిగువన ఉన్న శకటానికి ఆ కబురు చేరవేసే ఏర్పాటు కూడా పరిసర పరిజ్ఞానంలో భాగమేనని మాత్రం గుర్తించాలి.

2024 సెప్టెంబర్ 3న ఆమోదం పొందిన భావి యుద్ధట్యాంకు పథకం ప్రకటనలో కవచం, వేగం, ఫిరంగితో సరిసమానంగా ‘తక్షణ పరిసర పరిజ్ఞానం’ కూడా ప్రస్తావనకు వచ్చింది. టి-72ల స్థానంలో అలాంటివి సుమారు 1,770 నిర్మించాలన్నది ఉద్దేశం. ఆ ఏడాది జూలైలోనే డి.ఆర్.డి.ఓ., ఎల్ అండ్ టి కలసి నిర్మించిన తేలికపాటి ట్యాంకు ‘జొరావర్’ నమూనా హజీరాలో బయటి ప్రపంచానికి కనిపించింది. ఇవి దళాలకు చేరేనాటికి మరెన్నో ఏళ్లు గడుస్తాయి. అప్పటివరకు భారం మోయవలసినవి రెండువేలకు పైగా ఉన్న పాత టి-72లే. వాటికి వెయ్యి అశ్వశక్తి ఇంజిన్లు అమర్చేందుకు 2025 మార్చిలో రష్యా సంస్థతో 24.8 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. కాళ్లకు బలం రావడం మంచిదే. కళ్ల మాట కూడా అదే ఊపులో తేలితే బాగుండేది.

తయారీ స్తోమత లేదనే సాకు ఇక చెల్లదు. కృష్ణా జిల్లా నిమ్మలూరులో సుమారు 360 కోట్ల రూపాయలతో భారత్ ఎలక్ట్రానిక్స్ నెలకొల్పిన రాత్రివీక్షణ సాధనాల కర్మాగారాన్ని ప్రధాని 2025 అక్టోబర్‌లో జాతికి అంకితం చేశారు. అక్కడి సాధనాలకైనా, డెహ్రాడూన్ ప్రయోగశాల రూపొందించే వాటికైనా ప్రాణం వంటిది పరారుణ కిరణాలను గ్రహించే డిటెక్టర్. అతిశీతల స్థితిలో పనిచేసే ఆ చిన్న పలకకోసం దేశం చాలాకాలం ఫ్రాన్స్, ఇజ్రాయెల్ వైపు చూస్తూ వచ్చింది. పెట్టె స్వదేశీ, కన్ను విదేశీ అయితే స్వావలంబన లెక్క సగమే నిజమవుతుంది. 2025 ఆగస్టులో ఆమోదించిన డ్రైవర్ సాధనాలు ఎన్ని శకటాలకు, ఏ సంవత్సరానికి అందుతాయో, వాటిలోని డిటెక్టర్ ఎక్కడిదో రక్షణశాఖ పార్లమెంటరీ స్థాయీ సంఘం ముందు వివరంగా ఉంచాలి. 957 టి-90ల పనిలో ఎన్ని పూర్తయ్యాయో కూడా అదే పత్రంలో చేర్చాలి.