పల్నాటి మంచినీటి పీత: చంపే ముందు లెక్కించాలి

వరి సస్యరక్షణ సలహాలలో మంచినీటి పీత సాధారణంగా చీడల పట్టిక చివర కనిపిస్తుంది. గట్టుకు బొరియ పెట్టి నీరు కారుస్తుంది, లేత నారును కొరుకుతుంది. కనుక గుళికమందు కలిపిన అన్నం ముద్దలను బొరియలలో పెట్టి చంపాలని చెబుతారు. నష్టం నిజమే. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద వరి వేసే నరసరావుపేట, గురజాల ప్రాంతాల రైతుకు గట్టు తెగడం చిన్న సమస్య కాదు. అయితే చచ్చే పీత ఏ జాతిదో, ఆ జాతి ఎంత మిగిలి ఉందో ఆ సలహా చెప్పదు.

సముద్రపు పీత లక్షల గుడ్లు పెడుతుంది. దాని డింభకాలు నీటి ప్రవాహంతో దూర తీరాలకు చేరతాయి. మంచినీటి పీతకు స్వేచ్ఛగా ఈదే డింభక దశ లేదు. గుడ్లు తక్కువ. పిల్లలు పీత రూపంలోనే పుట్టి, కొన్నాళ్ళు తల్లి పొట్ట మడతలో పెరుగుతాయి. అందువల్ల ఒక వాగులో నశించిన జాతి పక్క వాగు నుండి త్వరగా తిరిగి రాలేదు. 2009లో ప్రపంచంలోని 1,280 మంచినీటి పీత జాతుల స్థితిని అంచనా వేయగా, 227 జాతులు ముప్పులోనో, ముప్పు అంచుననో ఉన్నట్లు తేలింది. 628 జాతుల విషయంలో నిర్ణయానికి చాలినంత సమాచారమే లేదు. లెక్కలో లేని జాతి అంతరించినా ఎవరికీ తెలియదు.

ప్రమాదం బొరియతో ఆగదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ జంతుశాస్త్రజ్ఞులు వరిపొలాల పీత ఓజియోటెల్ఫ్యూసా సెనెక్స్ సెనెక్స్‌పై చేసిన పరిశోధనలు, ఆర్గానోఫాస్ఫేట్ మందులు దాని శ్వాసక్రియను, నాడీ ఎంజైములను దెబ్బతీస్తాయని చూపాయి. బుప్రోఫెజిన్, నోవాల్యురాన్ వంటివి పురుగులో కైటిన్ తయారీని అడ్డుకుంటాయి. పీత కూడా కైటిన్ పెంకును విడుస్తూ పెరిగే జీవే. పల్నాటి పత్తి, మిరప చేలలో చల్లిన మందు వాననీటితో చంద్రవంక, నాగులేరు వంటి వాగులకు చేరితే, నారును ఎన్నడూ తాకని పీత కూడా దాని పాలబడుతుంది. కుళ్ళిన ఆకులను, చచ్చిన జీవులను తిని వాగును శుభ్రపరిచేదీ, కొంగలకూ నీటికుక్కలకూ ఆహారమయ్యేదీ ఈ పీతే.

లెక్క తేలేవరకు రైతు నష్టపోవాలని ఎవరూ కోరరు. నారు కాండం గట్టిపడితే పీత బెడద తగ్గుతుంది. రక్షణ అవసరమైనది నాటిన తొలి వారాలలోనే. ఆ కాలంలో గట్ల వెంట కుండలు పాతి ఎర వేసి పట్టడం, బొరియలను బంకమట్టితో మూయడం మొదటి సలహా కావాలి. వాగు ఒడ్డు బొరియలలో మందు పెట్టవద్దని స్పష్టంగా చెప్పాలి.

లెక్కింపుకు పెద్ద నిధులు అక్కరలేదు. గ్రామీణ అనుభవ కార్యక్రమానికి వెళ్ళే వ్యవసాయ విద్యార్థులు మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాలలో ఎంచుకున్న గట్లపై, వాగు ఒడ్డులపై నిర్ణీత దూరంలో బొరియలను తొలకరికి ముందు, తరువాత లెక్కించవచ్చు. జాతి నిర్ధారణకు మగపీత పొట్ట మడత కింది ఉపాంగాల ఆకృతి కీలకం. కొద్ది నమూనాలను హైదరాబాదులోని భారత జంతు సర్వేక్షణ సంస్థ కేంద్రానికి పంపితే నిపుణుల సహాయం పొందవచ్చు.

పొలంలో మిత్రపురుగులను గుర్తించి, ఆ తరువాతే మందు నిర్ణయించడం విస్తరణ శాస్త్రం రైతుకు నేర్పిన పాఠం. పీత విషయంలోనూ అదే పాఠాన్ని పాటించవలసిన బాధ్యత ఇప్పుడు శాస్త్రవేత్తలదే.