పాత్రలో దాచిన మన్నా

అరణ్యంలో ఇశ్రాయేలీయులకు మన్నా కురిసిన రోజుల్లో దేవుడు ఒక కచ్చితమైన నియమం పెట్టాడు. ఏ రోజుది ఆ రోజే కూర్చుకోవాలి, మర్నాటికి మిగల్చకూడదు. మాట వినకుండా దాచుకున్నవాళ్ల మన్నా తెల్లారేసరికి పురుగుపట్టి కంపు కొట్టింది (నిర్గమ 16:20). ఈ సంగతి మీద మీరు చాలా ప్రసంగాలు విని ఉంటారు, నేనూ చాలాసార్లు చేశాను. కానీ అదే అధ్యాయంలో పన్నెండు వచనాలు కిందికి వెళ్తే, అదే దేవుడు ఒక ఓమెరు మన్నాను పాత్రలో పోసి రాబోయే తరాలు చూసేలా దాచమన్నాడు (16:32,33). ఈ రెండో ఆజ్ఞ మీద నేను ఒక్క ప్రసంగమూ చేయలేదు. దాని అవసరం నాకు గోల్నాకలో ఒక అట్టపెట్టె ముందు కూర్చున్నప్పుడు తెలిసింది.

ఆ పెట్టె మా సంఘంలోని ఒక పెద్దావిడది. ఆమె భర్త ముప్పై ఏళ్లపాటు హార్మోనియం వాయిస్తూ మా గాయక బృందాన్ని నడిపించారు. 1983 నుంచి మంచి శుక్రవారం ఆరాధనలు, క్రిస్మస్ పాటల ఊరేగింపులు, స్త్రీల సమాజం కూడికలు, ఇళ్లలో జరిగిన కుటుంబ ప్రార్థనలు, అన్నీ కేసెట్లలో ఎక్కించేవారు. రెండు పెట్టెల నిండా ఉండేవి. 2020 అక్టోబరు వానలకు మూసీ పొంగినప్పుడు వాళ్లింట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చి కింది అరలోని పెట్టె పోయింది. పై అరలోది మిగిలింది. ఆమె దాన్ని నా ముందు పెట్టి, "అయ్యగారూ, టేప్ రికార్డర్ ఎప్పుడో మూలపడింది. పాటలన్నీ ఫోన్లోనే దొరుకుతాయి నానమ్మా అంటాడు మా మనవడు. వెతికించాను. మా ఆయన దొరకలేదు" అన్నది.

ఆమె అన్నది భర్త గొంతు గురించే. కానీ దొరకనివి ఇంకా ఉన్నాయి. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. కీర్తన పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి, స్వరం ఉండదు. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) మొదలుకొని మన పెద్దలు కట్టిన వరుసలు గొంతు నుంచి గొంతుకే వచ్చాయి. ఒకే కీర్తనను కోస్తా సంఘాల్లో ఒక నడకలో, హైదరాబాదులో మరో నడకలో పాడటం మీరు వినే ఉంటారు. యాప్‌లలో దొరికేది కీబోర్డూ డ్రమ్స్‌తో కొత్తగా చేసిన వరుస. దాన్ని నేను తప్పుపట్టను, మా పిల్లలు అదే పాడుతుంటే సంతోషంగా చప్పట్లు కొడతాను. అయితే మా సంఘంలో నిదానంగా, పల్లవిని రెండుసార్లు తిప్పి, చివర్లో కాస్త సాగదీసి పాడే వరుస ఏ కంపెనీ దగ్గరా లేదు. అది ఆ పెట్టెలో ఉంది, లేదా డెబ్బై దాటిన నలుగురైదుగురి గొంతుల్లో ఉంది.

యాప్‌లో ఉన్నదైనా మనదేనా అంటే, అదీ అనుమానమే. నెలనెలా కట్టేది అద్దె. ఆఫ్‌లైన్ కోసం డౌన్‌లోడ్ చేసుకున్నామనుకునే పాట కూడా ఆ యాప్ తాళంచెవితోనే తెరుచుకుంటుంది. 30 రోజులకు ఒకసారైనా ఇంటర్నెట్‌లోకి రావాలన్నది స్పాటిఫై నియమం. జనం సొంత పాటలు కూడా ఎక్కించి దాచుకున్న గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది, వేరేచోటికి మార్చుకొమ్మని గడువిచ్చారు. 2014లో వచ్చిన ఎయిర్‌టెల్ వింక్ మ్యూజిక్‌ను 2024లో ఆపేశారు. ఇక మైస్పేస్ అయితే 2015 వరకూ తమ దగ్గర ఎక్కించిన పాటలు సర్వర్ మార్పిడిలో పోయాయని 2019లో ఒప్పుకుంది. సుమారు 5 కోట్ల పాటలని అప్పట్లో అంచనా. పాటకు వాళ్లు చేసే సేవను కాదనను. రోజువారీ మన్నాలాగా పుచ్చుకుందాం. తరాలకు చూపించాల్సిన పాత్రను మాత్రం వాళ్ల ఇంట్లో పెట్టి నిశ్చింతగా ఉండలేం.

నా అనుభవం కూడా చెప్పాలి. రెండేళ్ల క్రితం సిగ్నల్ అందని ఒక పల్లెలో కూడికకు వెళ్లి, కొత్త పాట నేర్పిద్దామని ఫోన్ తీశాను. చందా గడువు ముందురోజే ముగిసిందట, పాట తెరుచుకోలేదు. స్పీకరు పట్టుకుని నేను తంటాలు పడుతుంటే ముందు వరుసలోని ముసలమ్మ చెంగు సర్దుకుని పాత కీర్తన ఒకటి ఎత్తుకుంది, జనమంతా అందుకున్నారు. పస్కా భోజనం తర్వాత ప్రభువూ శిష్యులూ కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లారని మార్కు రాశాడు (14:26). ఆ రాత్రి పాట వాళ్ల నోట్లోనే ఉంది కదా అని తిరుగు ప్రయాణంలో అనుకున్నాను.

పెద్దావిడ పెట్టె సంగతి మా సంఘంలోని ఒక కుర్రవాడికి చెప్పాను. ఉస్మానియా క్యాంపస్‌లో పరిశోధన చేస్తూ తార్నాకలో గది అద్దెకు తీసుకుని ఉంటాడు. "అయ్యగారూ, ఇంట్లోనే పెట్టుకుందాం, మనమే సర్వర్ నడుపుదాం" అన్నాడు. సర్వర్ అంటే ఏసీ గదుల్లో వరసగా నిలబెట్టిన బీరువాలనుకున్నాను. అతను తెచ్చింది తెర పగిలిన పాత ల్యాప్‌టాప్. కోఠి గుజరాతీ గల్లీలో కొట్టుకొట్టూ తిరిగి ఒక టేప్‌డెక్‌కు రబ్బరు బెల్టు కూడా సంపాదించాడు. కేసెట్లు చెడిపోకముందే వాటిని వినిపించే యంత్రాలూ విడిభాగాలూ కరువైపోతాయని, 2025 దాటితే మరీ కష్టమని యునెస్కో 2019లోనే శబ్ద భాండాగారాలతో కలిసి హెచ్చరించింది. ఆ బెల్టు కోసం పడ్డ తిప్పలు చూశాక ఆ మాట నిజమేననిపించింది.

వారానికి పది కేసెట్లు సంచిలో వేసుకుని, స్కూటరు మీద విద్యానగర్ మీదుగా ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి తార్నాకకు నేనే చేర్చేవాణ్ణి. గంట కేసెట్ కంప్యూటరులోకి ఎక్కడానికి గంటా పడుతుంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించి, ధ్వనిలో ఏదీ తగ్గించని ఫ్లాక్ పద్ధతిలో దాచాం. గంటకు 300 ఎంబీ అనుకోండి, పెట్టెడు కేసెట్లు ఒక మామూలు పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తాయి.

పేర్లు పెట్టడం మాత్రం మేము అనుకున్నదానికంటే పెద్ద పని. కేసెట్ మీద "పండుగ - 2" అని ఉంటుంది. ఏ పండుగ, ఏ ఏడు? పెద్దావిడ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కళ్లు మూసుకుని వినేది. ఇది ఫలానా వాళ్లింట్లో, వెనక కుక్కర్ కూత వినిపిస్తోంది చూడండి, ఇక్కడ ఏడ్చే పసివాడు ఇప్పుడు దుబాయిలో ఉన్నాడు, ఈ కంజీర వాయించేది మా మరిది, 87లో పోయాడు, అంటే ఇది అంతకుముందుదే. ఇలా ఆమె చెప్పిందంతా అతను రాగం, తాళం, పాడినవాళ్లు, సందర్భం అని పాటపాటకూ రాశాడు. అది రాయకపోతే ఆ ఫైళ్లు మనవల కాలానికి ఎవరివో తెలియని గొంతులుగా మిగిలిపోయేవి.

ఇప్పుడు ఆ ల్యాప్‌టాప్ పెద్దావిడ టీవీ బల్ల కింద నడుస్తోంది. అందులో నావిడ్రోమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కరెంటు పోయినా దాని బ్యాటరీ కాసేపు ఆదుకుంటుంది. ఇంట్లోని ఫోన్లలో వైఫై మీద, బయట ఉన్నవాళ్లకు ఇంటర్నెట్‌లో వేసిన ఒక సొంత దారి గుండా పాటలు వినిపిస్తాయి. ఫోన్‌లోకి దించుకుంటే సిగ్నల్ లేని ఊళ్లోనూ వినొచ్చు, దానికి చందా గడువంటూ లేదు. ఇంకో ప్రతి తార్నాక గదిలో, మూసీకి దూరంగా ఉంది. యెహోయాకీము రాజు గ్రంథపుచుట్టను కోసి నిప్పుల్లో వేస్తే యిర్మీయా చెబుతుండగా బారూకు మళ్లీ మొత్తం రాశాడు (యిర్మీయా 36:32). మా కేసెట్లు కాలిపోతే మళ్లీ చెప్పడానికి హార్మోనియం అయ్యగారు లేరు. ఒక్కచోటే దాచడం దాచినట్టు కాదని వానలు మాకు ముందే నేర్పాయి.

మా మధ్య వాదన కూడా జరిగింది. పనిలో పనిగా సంఘంలో అందరి దగ్గరున్న బజారు కేసెట్లూ ఎక్కించి వాట్సాప్ గ్రూపులో పంచుదామన్నాడతను. నేను ఒప్పుకోలేదు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు రచన మీద హక్కు ఉంటుంది, రికార్డింగ్ మీద అది విడుదలైన తర్వాత 60 ఏళ్లు. చౌదరిగారి మాటలు అందరివీ, 1995లో ఒక గాయకుడు వాటిని పాడిన కేసెట్ మాత్రం అందరిదీ కాదు. కొనుక్కున్నది ఇంట్లో వినడం వేరు, ఊరంతటికీ పంచడం వేరు. దొంగిలకూడదన్న ఆజ్ఞను ఆదివారం చదివి సోమవారం దేవుని పాట పేరుతో మీరలేం కదా. మా సొంత రికార్డింగులకూ ఆయా కుటుంబాల అనుమతి అడిగాం. ఒక కుటుంబం వద్దంది. వాళ్ల తల్లి ఏడుస్తూ చేసిన ప్రార్థన అందులో ఉంది, అది నలుగురూ వినేది కాదన్నారు. ఆ భాగాన్ని తీసి వాళ్ల చేతికే ఇచ్చేశాం. కుర్రవాడికి అది కొరతగానే అనిపించింది, నాకు మాత్రం సబబనిపించింది.

సంఘపెద్ద ఒకరు ఇంకో ప్రశ్న వేశారు: చచ్చిన పాటలకు పూజ చేయిస్తున్నారా అని. కటువుగా అడిగినా ఆయన భయంలో న్యాయముంది. మోషే చేసిన ఇత్తడి సర్పాన్ని దాచుకున్నవాళ్లే చివరికి దానికి ధూపం వేస్తే హిజ్కియా దాన్ని ముక్కలు చేయాల్సివచ్చింది (2 రాజులు 18:4). ఈ రికార్డింగులు పట్టుకుని, మీరూ ఇలాగే పాడాలి, మీ గిటార్లు పక్కన పెట్టండి అని పిల్లల్ని గద్దించడం మొదలుపెడితే మా ల్యాప్‌టాప్ కూడా ఇత్తడి సర్పమే అవుతుంది. మోషే తన చివరి రోజుల్లో పాట రాసి ఊరుకోలేదు, జనానికి నేర్పాడు (ద్వితీ 31:22). అందుకే గురువారం సాయంత్రాలు ఆ ఇంట్లో మా యువతీయువకులు కూర్చుని వింటున్నారు, నచ్చింది నేర్చుకుంటున్నారు, నచ్చనిది నచ్చలేదనే చెబుతున్నారు.

పోయిన నెల ఒక కీర్తన బయటపడింది. పుస్తకంలో మాటలున్నాయి, వరుస మా సంఘంలో ఎవరికీ గుర్తు లేదు. 86 నాటి కేసెట్ రెండో వైపు చివర్లో హార్మోనియం మీద పల్లవి, అనుపల్లవి స్పష్టంగా ఉన్నాయి. చరణం ఎత్తుకునే చోట టేపు అయిపోయింది. పిల్లలు "అయ్యో" అన్నారు. పెద్దావిడ కుర్చీలోంచి, కళ్లు తెరవకుండానే, చరణం అందుకుంది. రెండుసార్లు దారి తప్పింది, "కాదు, ఇలా కాదు" అని తల అడ్డంగా ఊపి మూడోసారి మళ్లీ మొదలుపెట్టింది. తార్నాక కుర్రవాడు అప్పటికే ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి బల్ల మీద పెట్టాడు.