రాయబారిని కాపాడేది కాపలా సేన కాదు

కల్లోల దేశంలో రాయబార కార్యాలయం క్షేమంగా ఉండాలంటే కాపలాను పెంచడమే మార్గమన్నది బాగా స్థిరపడిపోయిన అభిప్రాయం. ఎక్కడ దాడి జరిగినా మొదట లెక్కించేది గేటు దగ్గర ఎన్ని తుపాకులున్నాయన్నదే. తెలుగు నేల మీద ఈ అభిప్రాయానికి ఆధారంగా హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీని చూపుతుంటారు. 1857 తిరుగుబాటులో కోఠీలోని ఆ భవనం నిలిచింది ఈస్టిండియా కంపెనీ ఫిరంగుల వల్లనేననీ, నిజాం సింహాసనం నిలిచింది కంపెనీ పటాలాల వల్లనేననీ చెబుతారు. ఈ వాదన చరిత్ర ముందు నిలవదు. 1779 నుంచి 1948 దాకా హైదరాబాద్ అనుభవం తేల్చి చెప్పేది వేరు. రాయబారిని కాపాడేది ఆతిథ్య రాజ్యపు అధికార వ్యవస్థ, ఆ వ్యవస్థ మాటకు జనంలో ఉన్న చెల్లుబాటు, ఉభయ పక్షాల ఒడంబడిక. కాపలా ఉపయోగపడేది ఈ మూడూ ఉన్నంతవరకే. ఆ కాపలాను సైన్యంగా పెంచినప్పుడు అదే కల్లోలానికి ఒక కారణమైంది.

ఈస్టిండియా కంపెనీకీ నిజాం అలీఖాన్‌కీ 1766లో కుదిరిన సంధితో ఉత్తర సర్కారులు కంపెనీ పరమయ్యాయి. అందుకు కంపెనీ నిజాంకు ఏటా పేష్కషు (కప్పం) కట్టాలి. 1779లో జాన్ హాలెండ్ మొదటి రెసిడెంటుగా హైదరాబాద్ చేరాడు. అప్పటికి రెసిడెంటు అంటే ఒక దర్బారుకు మరో ప్రభుత్వం పంపిన రాయబారి మాత్రమే. 1790 ఒడంబడిక తర్వాత కంపెనీ పటాలాలు రెండు నిజాం కొలువులో ఉండేవి. 1795లో ఖర్దా దగ్గర మరాఠాలతో యుద్ధం వచ్చినప్పుడు వాటిని పోరుకు వాడుకోవడానికి గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ అనుమతించలేదు. ఓడిపోయిన నిజాం ఆ పటాలాలను తిప్పి పంపాడు, ఫ్రెంచి సేనాని రేమండ్ దళాన్ని పెంచుకున్నాడు. కంపెనీ పటాలాలు లేని ఆ రోజుల్లోనూ రెసిడెంటు విలియం కిర్క్‌పాట్రిక్ మీద ఎవరూ చెయ్యి చేసుకోలేదు. దర్బారుకు కంపెనీతో సంబంధం కావాలి, ఆయన రక్షణ అంతా ఆ అవసరంలోనే ఉంది.

1798 సెప్టెంబరు 1న సైన్య సహకార సంధి కుదిరింది. ఆరు పటాలాల సిపాయిలు నిజాం రాజ్యంలో ఉండాలి, వాళ్ల ఖర్చు కింద ఏటా 24,17,100 రూపాయలు నిజాం చెల్లించాలి. ఆ అక్టోబరులో రేమండ్ దళాన్ని నిరాయుధం చేశారు. కొత్త రెసిడెంటు జేమ్స్ అఖిలెస్ కిర్క్‌పాట్రిక్, ఆయన సహాయకుడు జాన్ మాల్కం కంపెనీ సేనతో సాధించిన ఘనకార్యంగా పుస్తకాలు దీన్ని వర్ణిస్తాయి. నిజానికి రేమండ్ అదే ఏడాది మార్చిలో చనిపోయాడు. జీతాల బకాయిలతో విసిగిన సిపాయిలు తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించారు. బకాయిలు చెల్లిస్తామన్న హామీ దొరికాక వేల మంది ఆయుధాలు దించారు. ఒక్క తుపాకీ పేలకుండా పని ముగియడానికి కారణం చుట్టూ మోహరించిన సేన ఒక్కటే కాదు, అందిన జీతం, నిజాం ఆజ్ఞ కూడా.

1800 అక్టోబరు 12 నాటి సంధితో పటాలాలు ఎనిమిదయ్యాయి, రెండు అశ్వికదళాలు చేరాయి. ఖర్చు నగదుగా ఇవ్వలేక నిజాం భూభాగాన్నే ఇచ్చేశాడు. బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు దత్తమండలాలుగా కంపెనీ చేతికి వెళ్లాయి. ఈనాటి రాయలసీమలో పెద్ద భాగం ఒక రక్షణ సేన జీతం కింద చేతులు మారిందన్నమాట. కాపలా వల్ల దేశం నిలకడగా ఉంటుందని వాదించేవారు ముందుగా ఈ ఖర్చు లెక్క చూడాలి.

ఆ తర్వాత రెసిడెంటు హెన్రీ రస్సెల్ కాలంలో మరో సేన పుట్టింది. నిజాం జీతమిచ్చే, ఆంగ్లేయులు నడిపే రస్సెల్ బ్రిగేడ్ అది. తర్వాత హైదరాబాద్ కంటింజెంట్‌గా స్థిరపడింది. ఈ సేన జీతాలకు పామర్ కంపెనీ అనే వడ్డీ వ్యాపార సంస్థ నుంచి తెచ్చిన అప్పులు వడ్డీలతో పెరిగి ఖజానాను పీల్చేశాయి. ఆ బాకీ తీర్చడానికి 1823లో ఉత్తర సర్కారుల మీద నిజాంకు రావలసిన పేష్కషు హక్కునే 1,16,66,666 రూపాయలకు వదులుకోవలసి వచ్చింది. సర్కారుల మీద హైదరాబాద్‌కు మిగిలిన పేష్కషు ఆదాయం అలా పోయింది. 1853 మే నెలలో కంటింజెంట్ బాకీల కింద బేరారును, రాయచూరు అంతర్వేదిని, నల్‌దుర్గ్ ప్రాంతాన్ని గవర్నర్ జనరల్ డల్హౌసీ రాయించుకున్నాడు. రాయచూరు, నల్‌దుర్గ్ 1860లో తిరిగి వచ్చాయి గాని బేరారు రాలేదు. కంచే చేను మేయడమంటే ఇదే.

ఈ ఖాళీ ఖజానాకూ నగర వీధుల్లోని కల్లోలానికీ సంబంధం సూటిగా ఉంది. జీతాలు అందని అరబ్బు, రోహిల్లా దళాలు బాకీల కోసం సర్దార్లను నిర్బంధించేవి, తాలూకాల వసూళ్లను చేజిక్కించుకునేవి. అరబ్బు జమాదార్లు అప్పులిచ్చే షావుకార్లు కూడా కావడంతో దివాన్ మాటకు విలువ తగ్గింది. ఆ కల్లోలాన్ని సాకుగా చూపి రెసిడెన్సీ మరింత సేన కావాలనేది. ఆ సేన ఖర్చు ఖజానాను ఇంకా ఖాళీ చేసేది. వ్యాధిని పెంచిన మందునే మళ్లీ మళ్లీ వాడారు.

కాపలా సేన తన అధికారులనైనా కాపాడగలిగిందా? 1855 సెప్టెంబరులో, మొహర్రం రోజుల్లో, బొల్లారంలో కంటింజెంట్ బ్రిగేడియర్ కోలిన్ మెకంజీ ఊరేగింపుల మీద ఆంక్షలు పెట్టాడు. ఆయన కింద పనిచేసే అశ్వికదళపు సవార్లే ఆయన మీద పడి ఒళ్లంతా కత్తిగాయాలు చేశారు. ఆయన చుట్టూ ఆయుధాలకేమీ కరువు లేదు. కరువైనది స్థానికుల మనసెరిగిన వివేకం.

ఇక అందరూ ఉదహరించే 1857. ఆ మే నెలలో నాసిరుద్దౌలా మరణించి అఫ్జలుద్దౌలా నిజాం అయ్యాడు. రెసిడెంటు కత్‌బర్ట్ డేవిడ్సన్ ఏప్రిల్‌లోనే బాధ్యత తీసుకున్నాడు. బుల్దానా నుంచి తిరుగుబాటు చేసి వచ్చిన జమాదారు చీదాఖాన్‌ను, అతని అనుచరులను దివాన్ సాలార్‌జంగ్ పట్టి రెసిడెన్సీకి అప్పగించాడు. జులై 17 శుక్రవారం మక్కా మసీదులో ప్రార్థనల తర్వాత వాళ్ల విడుదల కోరుతూ జనం కదిలారు. తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ నాయకత్వంలో సుమారు 500 మంది రోహిల్లాలు, ఇతరులు రెసిడెన్సీ మీదికి వచ్చారు. పుత్లీబౌలి వైపు అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ ఇళ్లను ఆక్రమించి, రెసిడెన్సీకి ఎదురుగా గోడలకు కన్నాలు చేసుకుని కాల్పులు జరిపారు. సాయంత్రం మొదలైన కాల్పులు రాత్రంతా సాగాయి. మద్రాసు ఫిరంగి దళం బదులిచ్చింది. తెల్లవారేసరికి ఆ ఇళ్లు ఖాళీ అయ్యాయి.

ఫిరంగులు పనిచేశాయన్నది నిజం. ఆ రాత్రి నిలబడి పోరాడిన మద్రాసు సైన్యపు మనుషుల ధైర్యాన్ని తక్కువ చేయనక్కరలేదు. అయితే ఆ ఫిరంగులు సమయానికి సిద్ధంగా ఎందుకున్నాయి? దాడి రాబోతోందని దివాన్ ముందే కబురు పంపాడు కాబట్టి. వచ్చినవాళ్లు వందల్లోనే ఎందుకు ఆగిపోయారు? నగర ద్వారాల దగ్గర దివాన్ అరబ్బులను కాపలా పెట్టాడు, నిజాం సేన తిరుగుబాటుతో కలవలేదు. అదే అరబ్బులు, అదే నగరం ఆ రాత్రి రెండో పక్షాన చేరి ఉంటే రెసిడెన్సీ ప్రహరీ ఎన్ని రోజులు ఆగేది? దాడి రెసిడెన్సీ గోడ దగ్గర ఓడిపోయింది గాని, అంతకన్నా ముందే నగరంలో బలం కోల్పోయింది. తుర్రెబాజ్‌ఖాన్ 1859లో తూప్రాన్ దగ్గర చంపబడ్డాడు, అలాఉద్దీన్‌ను అండమాన్ పంపారు. వాళ్లు ఎదిరించినది ఒక రాయబారి ఇంటిని కాదు, తమ రాజ్యం మెడ మీద కూర్చున్న అధికారాన్ని. ఆ ఇల్లు అలా మారడానికి కారణం దాని వెనకున్న సేనే.

1859 మార్చిలో దర్బారు ముగించుకుని డేవిడ్సన్, సాలార్‌జంగ్ కలిసి బయటికి వస్తుండగా జహంగీర్‌ఖాన్ అనేవాడు వాళ్ల మీద కాల్పులు జరిపి, కత్తి దూసి మీదికి వచ్చాడు. నిజాం కొలువులోని మనుషులే అతన్ని అక్కడే నరికేశారు. బొల్లారం, సికింద్రాబాద్ పటాలాలు ఎంత పెద్దవైనా ఆ క్షణంలో ఆ చోట లేవు. ఉన్నది ఆతిథ్య రాజ్యమే.

హైదరాబాద్ నుంచి బెజవాడ దారిలో ఉన్న పరిటాల ఇదే సూత్రాన్ని తిరగేసి చూపుతుంది. సర్కారులు కంపెనీకి వెళ్లినా పరిటాల, దాని చుట్టుపక్కల గ్రామాలు మాత్రం నిజాం కిందనే మిగిలిపోయాయి. అక్కడి వజ్రాల గనుల కోసమే వాటిని అట్టిపెట్టుకున్నాడని ప్రతీతి. నాలుగు దిక్కులా నందిగామ తాలూకా, మద్రాసు ప్రెసిడెన్సీ చట్టం. మధ్యలో పరిటాల జాగీరు, నిజాం ఏలుబడి. దీనికి ఎదురు ఉదాహరణ మునగాల పరగణా: చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో కృష్ణా జిల్లా పాలన. పరాయి నేల మధ్య ఉన్న ఇలాంటి తావులు రాయబార కార్యాలయాల వంటివే. చుట్టుపక్కల ప్రభుత్వం, జనం ఒప్పుకున్నన్నాళ్లూ అవి నిలుస్తాయి. పరిటాల ఏలుబడి నూట ఎనభై ఏళ్లు సాగింది కాపలా బలంతో కాదు, రెండు ప్రభుత్వాల మధ్య ఉన్న ఒప్పుదల వల్ల. 1947లో ఆ ఒప్పుదల పోయింది. జనం నిజాం అధికారాన్ని తోసిపుచ్చి పరిటాల రిపబ్లిక్‌ను ప్రకటించుకున్నారు. 1950లో ఆ గ్రామాలు మద్రాసు రాష్ట్రంలో, కృష్ణా జిల్లాలో చట్టబద్ధంగా కలిశాయి.

అదే కాలంలో హైదరాబాద్‌లో మరో రాయబారి ఉన్నారు. 1947 నవంబరు 29న యథాతథ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా కె.ఎం.మున్షీ 1948 జనవరిలో వెళ్లి బొల్లారంలోని దక్షిణ సదన్‌లో ఉన్నారు. హైదరాబాద్ తరఫున ఢిల్లీలో జైన్‌యార్ జంగ్ ఉన్నారు. సికింద్రాబాద్‌లోని భారత సేనలు ఒప్పందం మేరకు వెళ్లిపోయాయి. రజాకార్ల దౌర్జన్యాలకు తాళలేక తెలంగాణ పల్లెల జనం సరిహద్దు దాటి జగ్గయ్యపేట, నందిగామ, బెజవాడలకు వలస వస్తున్న రోజులవి. ఆగస్టులో సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను నగరంలోనే హత్య చేశారు. అంతటి కల్లోలంలోనూ పెద్ద సేన ఏదీ వెనుక లేని మున్షీ ప్రాణానికి హాని జరగలేదు. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలాక ఆయన్ను నిర్బంధంలో ఉంచారు, అంతే. ఆయన మీద చెయ్యి వేస్తే ఏమవుతుందో హైదరాబాద్ ప్రధాని లాయఖ్ అలీ మంత్రివర్గానికి తెలుసు. బెజవాడ నుంచి కోదాడ, మునగాల, సూర్యాపేట మీదుగా సైన్యం వచ్చింది. 17న మంత్రివర్గం రాజీనామా చేసింది. అదే షోయబుల్లాఖాన్ విషయంలో ప్రభుత్వమే రజాకార్లకు లోబడి ఉంది. సాధారణ పౌరుడికి లేని రక్షణ రాయబారికి దొరికిందంటే అది రాజకీయ లెక్క వల్లనే.

ఇతర దేశాల అనుభవమూ ఇదే. 1879 సెప్టెంబరు 3న కాబూల్‌లో బ్రిటిష్ రాయబారి కవాగ్నరీ, ఆయనకు కాపలాగా ఉన్న సుమారు 75 మంది గైడ్స్ దళం చివరి దాకా పోరాడి దాదాపు అందరూ ప్రాణాలు వదిలారు. దాడికి తొలి నిప్పు జీతాలు అందని అఫ్గాన్ సిపాయిల ఆగ్రహం. అమీరు యాకూబ్‌ఖాన్ వాళ్లను అదుపు చేయలేకపోయాడు. 1900లో పెకింగ్‌లో 400 పైచిలుకు కాపలా సైనికులు 55 రోజులు రాయబార వీధిని నిలబెట్టారు. చైనా సేనాని రోంగ్లూ తన పెద్ద ఫిరంగులను పూర్తిగా దించకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. 1979 నవంబరు 4న టెహ్రాన్‌లో అమెరికన్ మెరైన్లు ఉన్నారు. ఇరాన్ ప్రభుత్వం తన బాధ్యత వదిలేయడంతో 52 మంది 444 రోజులు బందీలయ్యారు. 2008 జులై 7న కాబూల్‌లోని భారత రాయబార కార్యాలయం గేటు దగ్గర కారు బాంబు పేలినప్పుడు కౌన్సిలర్ వి.వెంకటేశ్వరరావు, బ్రిగేడియర్ రవిదత్ మెహతా, ఐటీబీపీ జవాన్లు అజయ్ పఠానియా, రూప్‌సింగ్ మరణించారు. గేటు దాటనివ్వకుండా ఆ కాపలా తన ప్రాణాలతో ఆపింది. 2021 ఆగస్టులో అఫ్గాన్ ప్రభుత్వం కూలిపోయాక అదే ఐటీబీపీ చేయగలిగింది మన సిబ్బందితో కలిసి క్షేమంగా తిరిగి రావడమే.

దీన్నిబట్టి కాపలా వద్దని చెప్పడం పొరపాటు. కాపలా గంటలు, రోజులు కొనిపెడుతుంది. అర్ధరాత్రి వచ్చిన మూకను ఆపుతుంది. ఆ కొనిపెట్టిన కాలంలో ఆతిథ్య ప్రభుత్వం రాకపోతే కాపలా మిగిల్చేది వీరుల పేర్లు మాత్రమే. 1961 వియన్నా ఒప్పందపు 22వ అధికరణం రాయబార కార్యాలయాన్ని చొరబాటు, నష్టం నుంచి కాపాడే ప్రత్యేక బాధ్యతను ఆతిథ్య దేశం మీదే పెట్టింది. భారత పార్లమెంటు 1972లో దీన్ని చట్టంగా చేసింది. శతాబ్దాల నెత్తుటి అనుభవం నేర్పిన విషయమే ఆ అధికరణంలో ఉంది.

కాబట్టి ఒక కార్యాలయం మీద దాడి జరిగినప్పుడు అడగవలసినవి రెండు ప్రశ్నలు. ఆ దేశ ప్రభుత్వం తన మాట చెల్లించుకోగల స్థితిలో ఉందా? లేదని తెలిశాక కూడా మన మనుషులను అక్కడ ఎందుకు ఉంచారు? ఈ రెండూ అడగకుండా కాపలా సంఖ్యను పెంచే ప్రభుత్వం, తన విదేశాంగ వైఫల్యాన్ని గేటు దగ్గర నిలబడిన జవాను భుజాల మీదికి నెడుతోంది. ఆ జవానుకు దేశం చేయగల న్యాయం పొగడ్త కాదు. ఆతిథ్య దేశపు అధికారం చెల్లని చోట అతన్ని ఒంటరిగా నిలబెట్టకపోవడం.