సంచి తీసేశారు కదా, ఇంకేం భయం?

2022లో నాకు అండాశయ క్యాన్సరు ఉందని తేలింది. అప్పటికే మూడో దశ. అంతకుముందు ఐదు నెలలుగా కడుపు ఉబ్బరం, రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోవడం, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళాల్సి రావడం. గ్యాసన్నారు. వయసన్నారు. ముట్లు ఆగిపోయే ముందు ఇలాగే ఉంటుందన్నారు. స్త్రీల సమస్యలపై ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన నేను కూడా ఆ మాటలే నమ్మాను. ఓర్చుకోవడం మనకు చిన్నప్పుడే నేర్పిన చదువు. నా సోషియాలజీ డాక్టరేటు దాన్ని మరిపించలేకపోయింది.

ఆపరేషన్, ఆరుసార్లు కీమో అయ్యాక మిడుతూరులో అమ్మ దగ్గర కొన్నాళ్ళు ఉన్నాను. చూడవచ్చిన ఆడవాళ్ళు "రొమ్ములోనా, సంచిలోనా?" అని అడిగేవారు. అండాశయాలు వేరే ఉంటాయని చాలామందికి తెలియదు. మిరప కోతలకు వెళ్ళే ఒకామె రోజూ వచ్చి కూచునేది. ఆమెకూ కడుపు ఉబ్బరమే. ఊళ్ళో ఆర్.ఎం.పి. ఇచ్చే గ్యాసు బిళ్ళలు మింగుతోంది. స్కానింగ్ చేయించుకోమన్నాను. "నాకేంది అక్కా, సంచే లేదు కదా, క్యాన్సరు యాడొస్తాది?" అంది.

ఇరవయ్యారేళ్ళ వయసులో తెల్లబట్టకు చూపించుకోబోతే, తీసేయకపోతే క్యాన్సరవుతుందని బెదిరించి గర్భసంచి తీసేశారు. అండాశయాలు ఉంచారో, తీశారో ఆమెకెవరూ చెప్పలేదు. ఆసుపత్రి కాగితం కూడా లేదు. నందికొట్కూరు మీదుగా కర్నూలు వెళ్ళి స్కానింగ్ చేయిస్తే రెండు అండాశయాలూ ఉన్నాయి. ఒకదాని మీద నీటితిత్తి. క్యాన్సరు కాదు. ఊపిరి పీల్చుకున్నాం. కానీ తన ఒంట్లో ఏముందో తెలుసుకోవడానికి ఆమెకు పదేళ్ళు పట్టింది!

ఇది ఒక్కామె కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలో అందరికన్నా మనమే ముందు. క్యాన్సరు భయం చూపి సంచి తీస్తారు. తీశాక ఇక క్యాన్సరే రాదన్న ధీమా మిగులుతుంది. రెండూ అబద్ధాలే. అండాశయాలు మిగిలి ఉంటే వాటికి క్యాన్సరు రావచ్చు. అలాగని అందరికీ వాటిని కూడా తీసేయడం పరిష్కారం కాదు. చిన్న వయసులో తీస్తే ఎముకలు, గుండె దెబ్బతింటాయి.

ఈ క్యాన్సరును ముందే పసిగట్టి ప్రాణం కాపాడే సామూహిక పరీక్ష ఇంతవరకూ లేదు. బ్రిటన్‌లో రెండు లక్షలమందికి పైగా స్త్రీలతో జరిపిన అధ్యయనం, పరీక్షలు చేసినా మరణాలు తగ్గలేదని 2021లో తేల్చింది. అందుకే స్త్రీ చెప్పే మాటను వినడం ఇంత ముఖ్యం. పరీక్ష లేనిచోట ఆమె మాటే మొదటి సాక్ష్యం. మన వైద్య వ్యవస్థ తోసిపుచ్చేది సరిగ్గా దాన్నే.

నా సంగతికొస్తే, మూడు నెలలకోసారి సి.ఏ.-125 రక్తపరీక్ష. దాని ముందు వారమంతా నిద్ర పట్టదు. ఒక్కసారిగా ముట్లాగిపోయి ఒళ్ళంతా ఆవిర్లు. దాంపత్యం ఎలా ఉందని ఏ డాక్టరూ అడగలేదు. పిల్లల్ని కనే పని ముగిశాక స్త్రీ శరీరం ఎవరికీ పట్టదు కాబోలు.

అనవసరంగా గర్భసంచులు తీసే ఆపరేషన్ల మీద 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అన్ని రాష్ట్రాలూ అమలులోకి తేవాలంది. వాటి ప్రకారం జిల్లాల్లో పర్యవేక్షణ కమిటీలుండాలి. మీ జిల్లాలో ఉందా? అడుగుదాం. ఏ అవయవం తీశారో, ఏది ఉంచారో తెలుగులో రాసిన కాగితం ప్రతి స్త్రీకీ ఇవ్వాలని పట్టుబడదాం. సంఘాల సమావేశాల్లో గర్భసంచి పక్కన అండాశయాల బొమ్మ కూడా గీద్దాం. రెండు మూడు వారాలు దాటినా తగ్గని ఉబ్బరం, పొత్తికడుపు నొప్పి, ఆకలి మందగించడం ఉన్న స్త్రీని గ్యాసు బిళ్ళలతో సరిపెట్టనివ్వకుండా, తోడు వెళ్ళి స్కానింగ్ చేయిద్దాం.

నా విషయంలో ఐదు నెలలు పోయాయి. అవి తిరిగి రావు. మరొకరికి అలా పోకుండా చూడగలం.